పుట్టింటి చీర పట్టుకుని ఝజ్జర్ బస్సులో

ఈ ప్రయాణానికి దారంతా చెబుతాను గాని, చేరిన ఊరి పేరు మాత్రం చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను. యాత్ర రాస్తూ ఊరి పేరు దాచడమేమిటని మీరు విసుక్కోవచ్చు. చదువుతూ పోతే ఎందుకో మీకే తెలుస్తుంది. హర్యానాలో ఝజ్జర్ వైపు పనిబడి వెళ్ళేవాళ్ళకి బస్సుల సంగతి, తిండి సంగతి అక్కరకొస్తే మంచిదే.

మేముండేది ఢిల్లీ ద్వారకలో. మా ఆయనకి పాలంలో వైమానిక దళంలో ఉద్యోగం. సొంతూరు కాకినాడ దగ్గర. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళందరికీ ఢిల్లీ కోటలూ గుళ్ళూ చూపించి చూపించి నా అరికాళ్ళు అరిగాయి గాని, పడమటి శివారున ఉన్న నజఫ్‌గఢ్ దాటి అవతలికి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. నన్ను అటు తీసుకెళ్ళింది నర్సమ్మ.

ఆమెను మొదటిసారి చూసింది అంతకుముందు ఏడాది చలికాలంలో, ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో. మా ఆయన మేనత్తకి కళ్ళు చూపించడానికి వెళ్ళాను. మందుల కిటికీ పక్కన బెంచీ మీద ఒకామె గుండెల దాకా ముసుగు లాక్కుని కూర్చుంది. కట్టూ బొట్టూ అంతా హర్యానా పల్లె మనిషే. ఒళ్ళో మాత్రలు పోసుకుని "ఒకటి, రెండు, మూడు" అని తెలుగులో లెక్కపెట్టుకుంటోంది. నేను ఆగలేక "అమ్మా, మీది తెలుగా?" అన్నాను. ముసుగు పైకెత్తింది. పాతికేళ్ళు దాటి ఉండవు. "నీది ఏ ఊరక్కా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఏడ్చేసింది.

నర్సమ్మది పాలమూరు జిల్లా. ఈ ద్వారకలో అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజుల్లో అమ్మానాన్నలతో వచ్చి ఇటుకలు మోసింది. హర్యానా పల్లెల్లో పెళ్ళికి ఆడపిల్లలు దొరక్క, దూర రాష్ట్రాల నుంచి తెచ్చుకుంటారు. మేస్త్రీకి తెలిసిన మనిషెవరో అలా ఒక లారీ డ్రైవరు సంబంధం తెచ్చాడు. అత్తవారింట్లో నర్సమ్మ అన్న పేరు నోరు తిరగక సంతోష్ అని పెట్టారు. తర్వాత తండ్రి పోయాడు. తల్లి కూలీల గుంపుతో పూనా వైపు వెళ్ళిందని విన్నది, అంతే. భర్త చిక్కి శల్యమై చనిపోయాడు. క్షయ అని ఊరంతా అనుకుంది. క్షయ ఉన్న మాట నిజమే గాని దాని వెనక హెచ్‌ఐవీ ఉంది. అది నర్సమ్మకీ అంటించి పోయాడు. కూతురు పింకీకి పరీక్ష చేయిస్తే ఏమీ లేదని తేలింది, అదొక్కటే చల్లని మాట.

ఆ రోజు నర్సమ్మ కౌన్సెలర్ మేడమ్ గదిలోకి నన్నూ రమ్మంది. హిందీ నాకంటే బాగా వచ్చు ఆమెకి. "భయమైనప్పుడు హిందీ సమజ్ కాదక్కా" అంది. మేడమ్ చెప్పిందంతా నేను తెలుగులో చెప్పాను. ఈ మందు బతికున్నన్నాళ్ళూ వేసుకోవాలి, బాగుందని మధ్యలో మానకూడదు, అయిపోయిందనేది ఉండదు. నర్సమ్మ తల ఊపుతూ విన్నది.

అప్పటి నుంచి నెలకోసారి క్షయ మందు వంకతో వచ్చేది. ఆసుపత్రి అయ్యాక మా ఇంటికొచ్చి చారు పోసుకుని అన్నం తినేది. ఢిల్లీలో పెద్దక్క దొరికిందని అత్తగారికి చెప్పుకుంది. అలా నేను ఆ ఇంటికి కోడలి పుట్టింటి మనిషినయ్యాను.

మాఘం చివర్లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడుతోంది.

"అక్కా, ఆయితారం నా మీద చాదర్ ఏస్తరంట. సోనూతోని."

సోనూ ఆమె మరిది. అన్న పోతే వదినను మరిదికి ఇచ్చేయడం అక్కడి ఆచారం. పెళ్ళి తంతు ఉండదు. కులపెద్దల ముందు మరిది ఆమె తల మీద దుప్పటి కప్పుతాడు, బెల్లం పంచుతారు, అయిపోతుంది. ఆమె ఒప్పుకుందా అని అడిగేవాళ్ళుండరు. అడిగినా, బావగారూ పెద్దలూ ఉన్నచోట కోడలు నోరు విప్పకూడదు.

"నిజం చెప్పేయకూడదా?" అన్నాను.

"చెప్తే పరాయి దేశం పిల్ల రోగం దెచ్చి మొగణ్ణి సంపిందంటరు. ఎల్లగొడ్తే నేను పోత, గదిగాదు. పింకీ తాగిన గిలాస ఎవరు ముట్టుకుంటరు? రేపు దాన్ని ఎవరు చేసుకుంటరు?"

"పోనీ చెప్పకుండా... మేడమ్ జాగ్రత్తలు చెప్పింది కదా?"

"ఏడాది తిరగంగనే కొడుకు గావాలంటరక్కా. ఇంగ జాగ్రత్త ఏడుంటది? సోనూ సస్తడు. నేనొచ్చిన్నాడు పదకొండేండ్ల పిలగాడు. నా చేత్తోని రొట్టె దిన్నడు."

నేనేం చేయాలో చెప్పింది. ఆదివారం పుట్టింటి మనిషిగా వచ్చి, మా వైపు వాళ్ళకి ఇది ఇష్టం లేదని నలుగురిలో చెప్పాలి. కారణం ఏదైనా సరే, రోగం మాట తప్ప. పెట్టేసే ముందు ఇంకొకటి అంది.

"ఒక చీర తే అక్కా. మరువకు. సంచిల ఇయ్యకు, అందరు సూస్తుండంగ నా తలమీద కప్పు."

పిచ్చిపిల్ల, పుట్టింటి మర్యాద నలుగురికీ చూపించుకోవాలని ముచ్చట పడుతోందనుకున్నాను. మా ఆయన వింటూనే "పరాయి ఊరి పంచాయితీలు మనకెందుకే" అన్నారు. అన్నారే గాని ఆదివారం పొద్దున్న తానే లేచి టీ పెట్టి, రిక్షా మాట్లాడి ఎక్కించారు.

ఇంట్లో బయల్దేరేసరికి ఆరున్నర. ఊరి మధ్య నుంచి వచ్చేవాళ్ళు మెట్రోలో ద్వారకా మోడ్ దాకా రావచ్చు. అక్కణ్ణుంచి నజఫ్‌గఢ్‌కి బస్సులకి లోటు లేదు, కూర్చునే చోటుకే లోటు. నజఫ్‌గఢ్‌లో దిగి ఝజ్జర్ వెళ్ళే హర్యానా రోడ్‌వేస్ బస్సు కోసం నిలబడ్డాను. స్టాండు దగ్గర పకోడీలు వేస్తున్న బండి ఉంది. నూనె చూసి ధైర్యం చాలలేదు, టీ మాత్రం తాగాను. అల్లం బాగా దంచి వేశాడు. పక్కన రిబ్బన్లూ గాజులూ అమ్మే బండీ, అరటిపళ్ళ బండీ ఉన్నాయి. కావలసినవి అక్కడే కొనుక్కోండి, ముందు పెద్దగా ఏమీ దొరకవు.

బస్సు ఎనిమిదికి కదిలింది. కిటికీలకి అద్దాలు సగం లేవు. ఢాంసా దగ్గర ఢిల్లీ సరిహద్దు దాటాక గాలి మారింది. రెండు వైపులా గోధుమ చేలు మోకాలెత్తున పచ్చగా ఉన్నాయి, ఆవాలు అక్కడక్కడా ఇంకా పసుప్పచ్చగా మిగిలాయి. ఏం కారణం చెప్పాలో ఇంకా తోచలేదు.

కండక్టరు మెళ్ళో ఈలతో, పెద్ద మీసాలతో ఉన్నాడు. ఊరి పేరు చెప్పగానే ఎవరింటికని అడిగాడు. సంతోష్ అక్కనన్నాను.

"అచ్ఛా! దిల్లీ ఆసుపత్రికి వెళ్ళే బహూ. నా బస్సులోనే వస్తుంది. ఇన్నాళ్ళలో ముఖం చూడలేదు దీదీ, గొంతుని బట్టే టికెట్ ఇస్తాను. మంచి ఇంటి కోడలు" అన్నాడు.

ముఖం చూపించకపోవడం మంచితనానికి గుర్తు. నాకు ఒళ్ళు మండింది గాని, ఆ మనిషి గొంతులో గౌరవమే తప్ప ఎగతాళి లేదు, ఏమనను?

నా పక్క సీటు ముసలమ్మ శనగలు వేయించినవి కొంగులోంచి తీసి నా చేతిలో పోసింది. చాదర్ గురించి ఊరికే అడిగినట్టు అడిగాను. "మంచిదే బేటీ. కుండ అదే ఇంట్లో ఉంటుంది, పొలం అదే ఇంట్లో ఉంటుంది" అంది. కుండ సంగతి ఎవరడిగారు, మనిషి సంగతి చెప్పమంటే?

బాద్లీ దాటిన కాసేపటికి దిగాను. సోనూ మోటారు సైకిల్ మీద వచ్చి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, మీసకట్టు ఇంకా సరిగ్గా రాలేదు. పటాలంలో చేరాలని రోజూ తెల్లవారకుండా పొలాల గట్ల మీద పరిగెడతాడట. ఊరి మొదట్లో బండి ఆపి, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"దీదీ, మీరు వద్దనండి. నేననలేను. పెద్దన్న మాటకి ఎదురు చెప్పే నోరు నాకు లేదు. భాభీ నాకు తల దువ్వి బడికి పంపింది."

"చెప్తాను నాయనా" అన్నాను. వాడికి జబ్బు సంగతి తెలియదు. సిగ్గుతో అంటున్నాడు. అయినా వాడి మాటలోనే నాకు కావలసిన కారణం దొరికింది.

ఆ ఊళ్ళో ఇళ్ళు రెండుగా ఉంటాయి. వీధి వైపు మగవాళ్ళ బైఠక్, లోపల ఆడవాళ్ళ ఇల్లు. గడప దాటగానే పింకీ ఎదురొచ్చింది. ఒకటో తరగతి పిల్ల, రెండు జడలు, ఒకదానికే రిబ్బను. "మౌసీ!" అని పెద్దమ్మ వరసతో పిలిచి నడుం పట్టుకుని, ఎవరూ వినకుండా నా చెవిలో పది దాకా తెలుగు అంకెలు చెప్పింది. నానమ్మకి ఆ భాష వినబడితే కోపమట.

నర్సమ్మ పొయ్యి దగ్గరుంది. రొట్టెల మీద నెయ్యి పోసి, గిన్నెలో బూరా పంచదార, పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి పెట్టింది. ఆ నెయ్యి వాసన ఇంకా గుర్తుంది. ఆకలీ ఉంది. రొట్టె తుంచుతూ ఆమెను దగ్గరికి రమ్మన్నాను.

"మాత్రలు ఎక్కడ పెడుతున్నావే?" అన్నాను మెల్లగా.

"బిటోడాల."

పెరట్లో ఎండిన పిడకలని గుడిసె ఆకారంలో పేర్చి, పైన పేడతో మెత్తి పెడతారు. దాన్ని బిటోడా అంటారు. పిడకలు చేసేదీ పేర్చేదీ తీసేదీ ఆడవాళ్ళే, మగవాళ్ళు ఆ ఛాయలకి రారు. ఆమె ప్రాణం ఆ పిడకల మధ్య ఒక డబ్బాలో ఉంది. రోజూ వేళకి పిడకలు తెచ్చే నెపంతో వెళ్ళి ఒక మాత్ర మింగి వస్తుంది.

అత్తగారు మంచం మీద నా పక్కనే కూర్చుంది. ముడతలు పడ్డ బలమైన చేతులు. మాట కరుకు గాని, ఆవిడని చెడ్డమనిషి అనుకుంటే అన్యాయం.

"నీకు ఇష్టం లేదని తెలుస్తోంది బేటీ. నా మీదా వేశారు చాదర్. మొదటివాడు పోయినప్పుడు నాకు ఇరవై కూడా లేవు. మరిది నాకంటే చిన్నవాడు. మూడు రోజులు ఏడ్చాను. తర్వాత ముగ్గురు కొడుకులు పుట్టారు, సోనూ ఆఖరివాడు. ఒంటరి ఆడది వీధిలో పెట్టిన అన్నం లాంటిది, ఎవడైనా మూతి పెడతాడు. నా కోడలిని అలా వదలను" అంది.

ప్రేమతోనే అంటోంది. తనకి తెలిసిన రక్షణ అదొక్కటే. ఆ ప్రేమకి ఎదురుగా కూర్చుని అబద్ధం మనసులో పేర్చుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

పదకొండు దాటాక బైఠక్ ముందు చేరారు. మంచాల మీద పెద్దలు, మధ్య హుక్కా. సోనూ గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు, చేతిలో మడతపెట్టిన తెల్ల దుప్పటి. ఇంటి పెద్ద నర్సమ్మ బావగారు. గంభీరమైన మనిషి. నాకు కుర్చీ వేయించి, "బహన్ జీ, పుట్టింటి వైపు మాట లేకుండా చేశామన్న పేరు మాకు వద్దు. చెప్పండి" అన్నాడు. నర్సమ్మ నా కాళ్ళ దగ్గర, ముసుగు ఒళ్ళో పడేంత కిందికి లాక్కుని కూర్చుంది.

లేచి నిలబడ్డాను. నా హిందీకి వ్యాకరణం ఎప్పుడూ లేదు, ఆ రోజు అసలే లేదు.

"మా వైపు వదినంటే తల్లితో సమానం. అన్న పోతే మరిది వదిన కాళ్ళకి దండం పెట్టి ఆమెను చూసుకుంటాడు. ఆమె మీద చాదర్ వేయడం మాలో మహాపాపం. అలా చేస్తే రెండిళ్ళకీ మంచిది కాదు. మీ ఆచారం మీకు గొప్పదే. మా పిల్ల విషయంలో మాత్రం మా ఆచారం మన్నించండి."

సగం నిజం, సగం ఆ క్షణాన కుట్టినది. హుక్కా శబ్దం ఆగింది. ఒక ముసలాయన గడ్డం నిమురుకుని "ఎవరి దేశం రీతి వాళ్ళది. పాపమని తెలిసి చేయిస్తే మనకీ తగులుతుంది" అన్నాడు. మరొకాయన తలాడించాడు. సోనూ చేతిలో దుప్పటి పక్కన పెట్టాడు. నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది. నిజం చెబితే ఆమెను తరిమేసేవాళ్ళు. అదే ఆచారమని చెప్పేసరికి అంతమంది మగవాళ్ళు తల వంచి విన్నారు.

ఇక చీర మిగిలింది. మా వైపు ఆడపిల్లకి కష్టమొస్తే పుట్టింటివాళ్ళు బట్టలు పెట్టి, మేమున్నామని చెప్పి వస్తారు. అంతకుమించి దానికి అర్థం లేదు. సంచిలోంచి చీర తీశాను. ఆకుపచ్చ నేత చీర, చిన్న అంచు. మడత విప్పి నర్సమ్మ ముసుగు మీదుగా కప్పాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారు అక్కడే నేల మీద కూలబడింది. బావగారు చీర వైపు చూస్తూ లేచి నిలబడ్డాడు.

"అయితే తీసుకెళ్తున్నారన్నమాట" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను అర్థంకాక.

"చాదర్ వద్దని, పుట్టింటి బట్ట తల మీద కప్పితే మా వైపు అర్థం ఒకటే. పిల్లని వెనక్కి తీసుకుంటున్నారని. మేం అడ్డం రాం. ఛోరీ పింకీ మాత్రం మా గోత్రానిది, ఇక్కడే ఉంటుంది."

"అయ్యో, కాదు కాదు. ఊరికే చీర పెట్టాను, మాలో అది..." అంటూ నేను తడబడుతుంటే, చీర కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఊకో అక్కా" అంది నర్సమ్మ, తెలుగులో, నాకు మాత్రమే వినిపించేలా.

నోరు మూసుకున్నాను.

ఆమె లేచి అత్తగారి దగ్గరికి వెళ్ళింది. అక్కడి కోడళ్ళు పెద్దావిడ కాళ్ళకి మొక్కడమంటే వంగి ముట్టుకోవడం కాదు, కూర్చుని పిక్కలు పిసకాలి. నర్సమ్మ చాలాసేపు పిసికింది. ఆవిడ వద్దనలేదు, దీవించనూ లేదు, కోడలి తల మీద చీరను సర్దుతూ ఉండిపోయింది. తర్వాత లోపలికెళ్ళి ఒక బెల్లపు ముద్ద తెచ్చి ఆమె కొంగున కట్టింది.

"ఛోరీ పెళ్ళికి కబురు పంపుతాం" అన్నాడు బావగారు, ఆమెతో కాదు, నాతో. పింకీ పెళ్ళికి! ఒకటో తరగతి పిల్ల. అంతవరకు రావద్దని మర్యాదగా చెప్పడమది.

నర్సమ్మ రెండు జతల బట్టలు మూట కట్టుకుంది. ఆఖరిసారి పిడకల కోసమన్నట్టు పెరట్లోకి వెళ్ళి వచ్చింది. పింకీకి ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మ ముసుగు వేసుకుని మూట పట్టుకుని మౌసీతో వెళ్తోందంటే ఆసుపత్రికే అనుకుంది. ప్రతిసారీ నజఫ్‌గఢ్ నుంచి దానికి ఏదో ఒకటి తెస్తుందట.

"మా, ఎర్ర రిబ్బను. రెండూ. పోయినసారి ఒకటే తెచ్చావు" అంది.

"తెస్త బిడ్డా" అంది నర్సమ్మ. నానమ్మ వింటున్నా తెలుగులోనే అంది. పిల్ల గంతులేస్తూ లోపలికి పోయింది.

సోనూ దింపాడు. బస్సు కనబడగానే వంగి వదిన కాళ్ళు పట్టుకున్నాడు. నేను చెప్పిన ఆచారం వాడికి బాగా నచ్చినట్టుంది. "పింకీని నేను చూసుకుంటాను భాభీ" అన్నాడు. వాడి ప్రాణం ఏ ధరకి దక్కిందో వాడికి ఎప్పటికీ తెలియదు.

ఒంటిగంటన్నర బస్సు. మళ్ళీ అదే బస్సు, అదే కండక్టరు. మధ్యాహ్నం కాబట్టి సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఊరు దాటాక ఆగలేకపోయాను.

"నన్ను చెప్పుతో కొట్టు నర్సమ్మా. తెలియక నీ ఇల్లూ పిల్లా రెండూ పోగొట్టాను. ఆ చీర సంచిలోనే ఉండనిస్తే..."

ఆమె ముసుగు లోంచే అంది. "చీర తెమ్మన్నది నేనే గద అక్కా."

నేను ఆమె వైపు తిరిగాను.

"తలమీద కప్పమన్నది నేనే గద. నాకు ఎర్కనే. ఆ ఊర్ల ఎన్మిదేండ్లున్న, గింత ఎర్కుండదా? నువ్వు వద్దంటె వాళ్ళు ఈసారి ఊకుంటరు. మల్ల పంటలొచ్చినంక దుప్పటి తీస్తరు. ఆ ఇంట్ల ఉన్నన్ని దినాలు తీస్తనే ఉంటరు. గట్లని నేనే ఎల్లిపోతే మొగడు సచ్చినంక లేచిపోయిందంటరు, పింకీకి పేరు పడ్తది. పుట్టింటోళ్ళు తీస్కపోతే ఎవ్వరేమనరు. మర్యాదస్తుల బిడ్డ అంటరు."

"నాకు ముందే చెప్పొచ్చు కదే?"

"చెప్తే నువ్వు కప్పుతుంటివా?"

కప్పేదాన్ని కాదు. అది ఆమెకి తెలుసు. నా తెలియనితనాన్ని నమ్ముకుని అంత పని చేసింది. నలుగురిలో నోరెత్తే హక్కు లేని మనిషి నా చేతుల్తో మాట్లాడింది. ఏడుపు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాను. అవే చేలు, అదే పచ్చదనం.

ఢాంసా దగ్గర సరిహద్దు దాటుతుండగా నర్సమ్మ రెండు చేతులతో ముసుగు వెనక్కి తోసుకుంది. ముసుగు కోడళ్ళకే గాని కూతుళ్ళకి ఉండదు అక్కడ. పుట్టింటి బట్ట కప్పుకున్నాక ఆమె ఆ ఊళ్ళోనే తీసేయొచ్చు. తీయలేదు. కండక్టరు టికెట్లు చూస్తూ వచ్చి ఒక్క క్షణం తడబడి, "బహూ, నువ్వా?" అన్నాడు. ఆమె తల ఊపింది. అతను చూపు దించుకుని ముందుకు వెళ్ళిపోయాడు.

నజఫ్‌గఢ్‌లో దిగేసరికి మూడు కావస్తోంది. ద్వారకా మోడ్ బస్సు సిద్ధంగా ఉంది. నేను చెయ్యి పట్టుకుని లాగుతున్నా నర్సమ్మ రిబ్బన్ల బండి దగ్గర ఆగింది. వరసగా వేలాడుతున్న వాటిలోంచి ఎర్రవి రెండు తీసింది. కొలత చూసింది, అంచులు పీకి చూసింది, రంగు దిగుతుందా అని బండివాణ్ణి అడిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేటప్పటిలాగే కొంటోందని నాకు అర్థమైంది. కొన్నాక వాటిని పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మేం దిగిన బస్సు ఝజ్జర్ వైపు తిరిగి నిలబడింది. నర్సమ్మ రోడ్డు దాటి పరుగున వెళ్ళి కండక్టరు చేతిలో రిబ్బన్లు పెట్టింది. వాళ్ళ ఊరి దగ్గర పాలడబ్బాలు ఎక్కించే మనిషికి ఇస్తే ఇంటికి చేరుతాయంది. అతను జేబులో పెట్టుకున్నాడు.

"ఛోరీ అడుగుతుంది గదా, మా ఎప్పుడొస్తుందని. ఏం చెప్పించను?" అన్నాడు.

"మందు అయిపోంగనే వస్తదని చెప్పమను" అంది వాళ్ళ భాషలో.

అతను ఈల వేశాడు. బస్సు కదిలింది. నర్సమ్మ దుమ్ములో చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. ఆమె చెయ్యి పట్టుకుని మా బస్సు ఎక్కించాను. నేను తిరిగిన దారుల్లో ఇంత దగ్గరి దారి లేదు, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. తిరిగి వెళ్ళడానికి దారి లేకుండా అదే బస్సెక్కిన మనిషి నా పక్కన కూర్చుని కొంగున కట్టిన బెల్లం విప్పి సగం నా చేతిలో పెట్టింది. మందు అయిపోయిందనేది ఉండదని ఆసుపత్రిలో ఆమెకి తెలుగులో చెప్పింది నేనే.